నోటరీ బావ కుడిచేయి

మా అక్కను చేసుకున్న బావ నోటరీ. కోర్టు ఎదుట మేడమెట్ల కింద ఒక గది, వెనుక సందులోకి ఒక తలుపు, బల్లమీద ఇనుప ముద్రయంత్రం: అదీ ఆయన రాజ్యం. సంతకం చేసేవారిని ఉంచి తక్కినవారిని ముందుగా బయటికి పంపడం ఆయన పద్ధతి. సాక్షి అంటే కళ్ళారా చూసినవాడు. ఆ వ్యుత్పత్తిని నేను బడిలో ఏళ్ళ తరబడి వల్లె వేయించాను గాని, దానితో కాపురం చేసినవాడు ఆయనే. వ్యాకరణం నన్నెప్పుడూ దారి తప్పిస్తుంది, సంగతికి వస్తాను.

ఒక మధ్యాహ్నం ఇద్దరు అన్నదమ్ములు తమ వదినను వెంటబెట్టుకుని వచ్చారు. ఆమె భర్త పోయి ఏడాది నిండలేదు. ఇల్లు మరుదులకు రాసిస్తున్నట్టు దస్తావేజు సిద్ధంగా ఉంది. ఆమె పెదవి చిట్లింది. ఒక కన్ను వాచి మూసుకుపోయింది. మెట్లమీద జారిపడిందని పెద్దమరిది చెప్పాడు.

"మెట్లకు కూడా వేళ్ళుంటాయన్నమాట," అన్నాడు బావ, ఆమె మెడమీద కమిలిన గుర్తులు చూస్తూ. "మీరు కాసేపు బయట కూర్చోండి, నాయనా."

గడియ పడగానే ఆమె కలం అందుకుంది. సంతకం చేయకపోతే ఇంటికి చేరేలోగా చంపేస్తారని, త్వరగా ముద్ర వేయమని బతిమాలింది.

"ఇష్టపడే ఇస్తున్నావా, అమ్మా?"

"ఇష్టమేముంది, అన్నయ్యగారూ? బతకాలని ఉంది."

బావ వెనుక తలుపు తీసి, సందు చివరే పోలీసు స్టేషనని చెప్పి, ఆమెను బయటికి నెట్టాడు.

ముందు తలుపు రెండు తన్నులకే ఊడింది. చిన్నవాడు కుర్చీ ఎత్తి ఆయన నుదురు పగలగొట్టాడు. కళ్ళలోకి నెత్తురు కారుతున్నా, వెనుక గుమ్మానికి అడ్డంగా పడి, ఆయన పెద్దవాడి కాళ్ళు వాటేసుకున్నాడు. డొక్కల్లో తన్నినా పట్టు సడలలేదు. వాడు ముద్రయంత్రం అందుకుని, ఆ కుడిచేతిని వేళ్ళు నుగ్గయ్యేదాకా మోదాడు. పోలీసులు వచ్చేటప్పటికి కూడా ఆయన ఎడమచేయి వాడి పాదాన్ని వదలలేదట.

అన్నదమ్ములు జైలుకు వెళ్ళారు. ఆమె బావను చూడటానికి ఆసుపత్రికి వచ్చింది.

"ఆ ఇల్లు అమ్మేస్తున్నాను, అన్నయ్యగారూ. అందులో కన్ను మూతపడటం లేదు."

ఆ ఇంటికోసమేనా ఈ చేయి పోయింది అన్న మాట నా గొంతుదాకా వచ్చింది. బావ మాత్రం ఎడమచేత్తో ఆమెకు కుర్చీ చూపించాడు.

"మంచి బేరం వచ్చేదాకా తొందరపడకు, తల్లీ. నోటరీని మాత్రం ఇంకొకణ్ణి చూసుకో."