కొండయ్యకు వినబడని కీచు

ఖిదిర్‌పూర్ రేవు వెనక సందులో ఉంది కొండయ్య గ్యారేజీ. తండ్రి శ్రీకాకుళం వైపు నుంచి బెంగాల్లో కార్పొరేషన్ పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. కొండయ్య మాత్రం చిన్నప్పుడే సుత్తి పట్టాడు. పాత జీపుల అడుగుభాగమంటే అతని తర్వాతే ఎవరైనా. గతుకులో బండి పడ్డ చప్పుడు విని, ఫలానా బుష్ అరిగిందనో, ఫలానా బోల్టు వదులైందనో నడుపుతూనే చెప్పేసేవాడు. బెంగాలీ డ్రైవర్లు సైతం కొండాదా అని, అంటే కొండన్న అని పిలుస్తూ, అతని చెవిని నమ్మే బళ్లు తెచ్చేవారు.

వానలు తగ్గుతున్న రోజుల్లో మృత్యుంజయ తన పాత జీపు తెచ్చాడు. విశాఖ నుంచి బదిలీ అయి భవానీపూర్‌లో ఉంటున్న బ్యాంకు ఆఫీసరతను. సెలవు దొరికితే ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని బయల్దేరే మనిషి. గతుకుల్లో వెనకనుంచి సన్నగా కీచుమంటోందన్నాడు. కొండయ్య రేవు రోడ్డంతా తిప్పి చూశాడు. ఏమీ వినబడలేదు. అయినా బుష్‌లు మార్చి, బండి బరువు మోసే కమాను పట్టీలకు గ్రీజు పెట్టి పంపాడు. వారం తిరక్కుండానే మృత్యుంజయ మళ్లీ అదే మాటతో వచ్చాడు. కొందరికి బండి మీద అనుమానం పట్టుకుంటే వదలదని కొండయ్యకు తెలుసు. బండి నిక్షేపంగా ఉందని, నిశ్చింతగా తిరగమని చెప్పి పంపేశాడు.

మృత్యుంజయ మూడోసారి వచ్చిన రోజున కొండయ్య కూతురు పుష్పరాణి గ్యారేజీలోనే ఉంది. భవానీపూర్‌లో ఒక మందుల దుకాణంలో ఆమెకు ఉద్యోగం. ఎలాగూ బండి తిప్పుతారు కదా, తనను అటు దింపెయ్యమని వెనక సీట్లో కూర్చుంది. కొండయ్య నడుపుతుంటే మృత్యుంజయ పక్కన కూర్చున్నాడు. చక్రం మొదటి గోతిలో దిగగానే పుష్పరాణి చెవులు మూసుకుంది.

"ఏటి నాన్నా ఇది, పిల్లిపిల్లని తొక్కినట్టు కూస్తంది?"

ఇద్దరూ కూడబలుక్కుని ఆట పట్టిస్తున్నారేమో అనుకుని కొండయ్య నవ్వాడు. అద్దంలో చూస్తే కూతురు నవ్వడం లేదు.

"నీకు ఇనపడ్నేదా?" అంది నెమ్మదిగా.

బండి పక్కకు ఆపాడు. మృత్యుంజయను వెనక బంపరెక్కి ఊపమన్నాడు. ఊపినప్పుడల్లా కూతురి మొహం ముడుచుకుంటోంది. లారీ హారన్లు వినబడుతున్నాయి, రేవులో గొలుసుల మోత వినబడుతోంది. ఆ కీచు మాత్రం లేదు.

మృత్యుంజయ ఊపుతుండగానే కొండయ్య కిందికి దూరి, ఛాసీ పొడుగునా అరచెయ్యి జరుపుతూ పోయాడు. కమాను పట్టీల్ని ఛాసీకి పట్టి ఉంచే బ్రాకెట్ దగ్గర వేళ్లకు సన్నటి వణుకు తగిలింది. బురద గీకితే పగులు బయటపడింది. చివరన కాస్తంత ఇనుము పట్టుకుని ఉంది, అంతే. విరిగిన అంచులు రాసుకుని ఇన్నాళ్లూ అరుస్తున్నాయి.

మృత్యుంజయ వంగి చూశాడు.

"మొన్న ఆదివారం అమ్మనీ పిల్లల్నీ ఇందులోనే బడ్జ్ బడ్జ్ ఊరికి తీసుకెళ్లాను," అన్నాడు. "మీరు ఫరవాలేదన్నారని."

కొండయ్య రోడ్డు మీదే కూలబడ్డాడు.

"నాకు ఇనపడ్నేదు బాబూ. అందుకని నేదనుకున్నాను."

జీపును నడపనివ్వకుండా క్రేను బండితో గ్యారేజీకి చేర్పించాడు. ఆ సాయంత్రం ఇంట్లో భార్య రామమ్మ దోమల్ని తిట్టుకుంటూ కిటికీ మూసింది. ఖిదిర్‌పూర్‌లో దోమలు తగ్గాయని రెండేళ్లుగా అందరితో వాదిస్తున్నాడు కొండయ్య. ఆమె చెయ్యి పట్టుకుని, వాటి రొద నిజంగా వినబడుతోందా అని అడిగాడు. అదేం ప్రశ్నన్నట్టు చూసింది రామమ్మ. అతని కళ్లలో నీళ్లు చూసి పక్కన కూర్చుంది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ పరీక్ష చేసి, ఏళ్ల తరబడి సుత్తి మోతకు సన్నటి శబ్దాలు వినే శక్తి పోయిందని, ఇక తిరిగి రాదని చెప్పింది.

కొత్త బ్రాకెట్ వేశాక మృత్యుంజయ బండి తీసుకెళ్లడానికి వచ్చాడు. ముఖం చెల్లక కొండయ్య తాళం బల్ల మీద పెట్టి పక్కకు తప్పుకున్నాడు. మృత్యుంజయ ఆ తాళం తీసి అతని చేతికే ఇచ్చి, తను వెనక సీట్లో కూర్చున్నాడు.

"మీరు నడపండి. వినడానికి నేనున్నాను," అన్నాడు.