మిరపగోతంలో కండువా

మా నాటక సమాజంలో సామాను సర్దే బాధ్యత నాది. కొన్నేళ్ల కిందట పొదిలిలో నాటిక పోటీలకు బయలుదేరినప్పుడు బట్టల పెట్టె ఆటోలో పట్టలేదు. మిర్చి యార్డు నుంచి తెచ్చిన ఖాళీ గోతాన్ని దులిపి, వేషాల బట్టలన్నీ అందులో కుక్కాను.

ఆ నాటిక చివర్లో ఇల్లాలు చనిపోయిన భర్త కండువాలో ముఖం దాచుకుని ఏడవాలి. ఆ వేషం వేసినావిడకు ఆ రోజు కళ్లు ఎర్రబడి ధారలు కట్టాయి. మంట ఓర్చుకుంటూనే ఒక్క మాట తడబడకుండా ముగించింది. ఉత్తమ నటి బహుమతి ఆవిడకే ఇచ్చారు.

తెర వెనక ఆ కండువా అందుకున్న తోటి నటుడికి తుమ్ములు ఆగలేదు.

"ఏడుపు రాక కారం పూసుకొచ్చిందిరోయ్" అన్నాడు. అందరూ నవ్వారు. ఆవిడ నా వైపు చూసింది. నేను తెర మడత పెడుతూ ఉండిపోయాను.

తర్వాత ఆవిడ ఎక్కడ మేకప్‌కు కూర్చున్నా, "ఏమ్మా, ఇవాళ ఎన్ని కాయలు నూరుకొచ్చావు?" అనేవారు. ఏడుపు వేషాలు ఒప్పుకోవడం మానేసింది.

మొన్న రిహార్సల్‌లో టీ తాగుతూ ఆవిడకు జరిగింది చెప్పాను.

"తెలుసు అన్నయ్యగారూ. కండువా మడతల్లో గింజలున్నాయి. కారం పూసుకునేదాన్ని గింజలెందుకు తెచ్చుకుంటాను? మీరే చెబుతారని చూశాను" అంది.

ఆ రోజు నవ్వినవాళ్లు ఇంకా నాటకాలాడుతున్నారు. వాళ్ల కోసం రాస్తున్నాను. కండువాను ఆ గోతంలో పెట్టింది నేను.