నేను రాసిచ్చిన ఐదు

రండి, ఆ చాప ఇంకాస్త ముందుకు లాక్కుని కూర్చోండి. గొంతెత్తి చెప్పేంత గొప్ప కథ కాదు, దూరంగా ఉంటే వినపడదు. ఆ రోజుల్లో అబద్ధానికి కాళ్ళు ఉండవని నాకు తెలుసు. చేతులు మాత్రం ఉంటాయని, ఆ చేతిని చూసి నలుగురూ మెచ్చుకుంటారని తెలియదు.

అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. చదువు ఎనిమిదో తరగతి దగ్గరే ఆగింది. మా ఆయన శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీకి కంపెనీ బస్సులో పోయి వచ్చేవాడు. నేను తిరుపతిలో ఒక మేడమీది ఆఫీసులో వంట చేసి, ఊడ్చి, టీ పెట్టే పనికి కుదిరాను. ఆఫీసంటే రెండు గదులు, ఇద్దరు మనుషులు. ఒకాయన ఓనరు. పొద్దున్నే ఎవరు ఎదురొచ్చారు, మొదటి ఫోను ఎవరు చేశారు అన్నదాన్నిబట్టి రోజంతా నడిపే మనిషి కాబట్టి, మనసులో ఆయనకు బోణీ సారు అని పేరు పెట్టుకున్నాను. రెండో ఆయన ఇంజినీరు, గడ్డమన్న. (అది మొక్కుబడి గడ్డం కాదు, గీసుకునే తీరిక లేక పెరిగిన గడ్డం. బస్సులో ఎవరైనా 'కొండకు ఎప్పుడు సామీ' అని అడిగితే ముఖం తిప్పుకునేవాడు.) పల్లెల్లో పాల కేంద్రాలకు వాళ్ళొక పాలు కొలిచే మిషను తయారు చేస్తున్నారు. పాత మిషన్లు కరెంటు పోయి వస్తే మేలుకోవడానికి చాలాసేపు పట్టేది. క్యాన్లు పట్టుకుని వరసలో నిలబడ్డ జనం కరెంటును, మిషనును, ఆవును కలిపి తిట్టేవాళ్ళు. వెంటనే మేలుకునే మిషను కావాలని, దాని లోపలి ప్రోగ్రామంతా గడ్డమన్న మొదటి నుంచీ తానే రాస్తున్నాడు.

స్విచ్ వేస్తే అదే లేస్తుంది కదా, అందులో రాయడానికి ఏముందని ఒకరోజు అడిగాను. ఆయన కోప్పడలేదు.

"కట్టెల పొయ్యి ఎట్ల అంటిస్తావు పాపా? మొద్దుకే అగ్గిపుల్ల పెడతావా?"

"యాడైనా అంటుకుంటాదా అన్నా? ముందు కొబ్బరి పీచు, దానిమింద చితుకులు, ఆ మింద కట్టె."

"ఈడా అంతే. మిషను లేచేటప్పుడు దానికి తన పేరు గూడా తెలీదు. ముందు ఒక చిన్న ప్రోగ్రాం లేస్తాది. బూట్ లోడర్ అంటారు దాన్ని. ఫోన్లో ఏసే మాదిరి చిన్న కార్డులో పండుకోనుండే పెద్ద ప్రోగ్రాంను ఎత్తుకొచ్చి మెమరీలో దించి, ఇంగ నువ్వు సూసుకో అని తప్పుకుంటాది. ఆ పెద్దదే కెర్నెల్."

నేను వాటికి చిన్నోడు, పెద్దోడు అని పేర్లు పెట్టుకున్నాను. ఎక్కడ ఆగిందో తెలియడానికి ఒక్కో అడుగుకు తెరమీద ఒక్కో అంకె వచ్చేట్టు పెట్టాడు గడ్డమన్న. ఒకటి వస్తే చిన్నోడు లేచినట్టు. రెండుకు మెమరీ బాగున్నట్టు, మూడుకు కార్డు దొరికినట్టు. నాలుగుకు పెద్దోణ్ణి మోసుకురావడం మొదలు, ఐదుకు దించేసినట్టు. ఆరుకు పెద్దోడు కళ్ళు తెరుస్తాడు, ఏడుకు పనిలోకి దిగుతాడు. పల్లెలో కరెంటు ఎన్నిసార్లు పోతుందో చెప్పలేం కాబట్టి, మార్పు చేసిన ప్రతిసారీ ఇరవైసార్లు ఆపి, వేసి, ఏ అంకె దాకా వచ్చిందో నోటుబుక్కులో రాయాలి. ఆ పని నాకు అప్పగించాడు. ఇంట్లో అందరికీ చెప్పుకున్నాను, నాకు కంప్యూటరు ఉద్యోగం వచ్చిందని.

శుక్రవారం పాల కంపెనీ సారు వచ్చి చూస్తాడని, అప్పటికి మిషను లేవకపోతే ఆఫీసు మూసేస్తానని బోణీ సారు చెప్పేశాడు. మంగళవారం గడ్డమన్న ఒక్కపొద్దు. ముఖం వాడిపోయి ఉంది. "ఈసారన్నా ఐదు వస్తే గండం గడిచినట్లే పాపా, నేను కిందికిపోయి రెండు అరటిపండ్లు తినొస్తా" అని మెట్లు దిగాడు. నేను స్విచ్ వేశాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. అక్కడే ఆగింది. ఇరవైసార్లు వేస్తే ఇరవైసార్లూ నాలుగే. ఇప్పుడు నా పెంపకం సంగతి చెప్పాలి. మా అమ్మ ఇంట్లో దీపం ఆరిపోయిందని అననిచ్చేది కాదు, కొండెక్కిందనాలి. బియ్యం అయిపోయాయని అనకూడదు, నిండుకున్నాయనాలి. మంగళవారం పూట, ఉపవాసం ఉన్న మనిషికి, ఆగిపోయింది, ఆగిపోయింది అని ఇరవైసార్లు ఎట్లా రాసివ్వడం? ఎటూ వచ్చే ఐదే కదా, కాస్త ముందుగా రాస్తే తప్పేమిటనుకున్నాను. ఇరవైలో ఏడుసార్లు ఐదు రాశాను. (అన్నీ ఐదులే రాస్తే నమ్మడేమోనని. ఆ మాత్రం తెలివి ఉంది.)

గడ్డమన్న బుక్కు చూసి లేచి నిలబడ్డాడు. తాను వేసి చూస్తే నాలుగు. మళ్ళీ వేస్తే నాలుగు. ఒకసారి వచ్చి ఒకసారి రావడం లేదంటే ప్రోగ్రాం రాతలో తప్పు కాదు, కరెంటులోనో వైర్లలోనో ఉందని తేల్చాడు. బుధవారమంతా వైర్లు మార్చాడు, అడాప్టరు మార్చాడు, వేడి తగ్గాలని టేబుల్ ఫ్యాను తెచ్చి మిషనుకు పెట్టి తాను చెమటలో కూర్చున్నాడు. సాయంత్రం మళ్ళీ ఇరవైసార్లు వేయమన్నాడు. అంత కష్టపడిన మనిషికి ఏమీ ఇవ్వకుండా ఎట్లా పంపేది? ఈసారి తొమ్మిది ఐదులు ఇచ్చాను.

బోణీ సారు బుక్కు తిరగేసి తల పంకించాడు. "నువ్వేస్తే నాలుగు, ఆ యమ్మి ఏస్తే ఐదు. దీంట్లో ఇంజినీరింగేమీ లేదప్పా. కొందరి చెయ్యి అట్ల మంచిదిగా ఉంటాది." గురువారం పొద్దున ఆఫీసు తాళం నా చేతే తీయించాడు. ఫోను మోగితే ముందు నా చెయ్యే దానిమీద పడాలన్నాడు. ఇంట్లో మా అత్త ఈ సంగతి విని కోడిని పొదగేసేటప్పుడు గుడ్లన్నీ నా చేతే పెట్టించింది. (పన్నెండింటికి రెండే పిల్లలయ్యాయి, అది తర్వాతి మాట.) ఇంతలో బోణీ సారు అసలు మాట అన్నాడు. "రేపు సారు ముందర స్విచ్ ఈ యమ్మే వెయ్యాల."

రేపు నేను వేసినా వచ్చేది నాలుగే. సంగటి గిన్నె దించి, గడ్డమన్న ముందు నిలబడి ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. ఆయన ఎడంచేత్తో నోటుబుక్కు లాక్కుని ఆ ఐదులన్నీ చూశాడు. తిట్టి ఉంటే బాగుండేది.

"ఈ ఐదుల్లో ఒక్కటి గూడా నిజం కాదా?"

"మంగళవారం నుంచి ఒక్కటీ కాదన్నా. సోమవారానివి మాత్రం నిజం. మీకు ఉలవచారు పెట్టినాను సూడండి, ఆ పొద్దు ఆరుదాకా వచ్చింది, ఇరవైసార్లూ. తిన్నాక మీరు పాలోళ్ళ పేర్లకని తెలుగు అక్షరాలు కలిపినారు. ఆన్నుంచి నాలుగే."

గడ్డమన్న ముద్ద కంచంలోనే వదిలేసి కంప్యూటరు దగ్గరికి పోయాడు. కాసేపటికి నవ్వు వినపడింది. తెలుగు అక్షరాల బొమ్మలన్నీ చేరేసరికి పెద్దోడు మునుపటికంటే బాగా లావయ్యాడట. చిన్నోడు వాణ్ణి మోసుకొచ్చి మెమరీలో దించుతూ దించుతూ, తాను నిలబడ్డ చోటనే దించేశాడు. చాప పరిచేవాడు తనమీదే చాప పరుచుకున్నట్టు. ఇంక తప్పుకోవడానికి వాడెక్కడున్నాడు?

"ఇరవైసార్లూ నాలుగే అని రాసుంటే మంగళవారం మద్దేన్నమే పట్టేసుందును గదా" అన్నాడు. చిన్నోణ్ణి దూరంగా ఒక మూలకు జరిపాడు. ఏడు వచ్చింది.

శుక్రవారం పాల కంపెనీ సారు వచ్చాడు. నా చెయ్యి సంగతి గడ్డమన్న బోణీ సారుకు చెప్పలేదు కాబట్టి స్విచ్ నేనే వేశాను. అంకెలు ఏడుదాకా నడిచాయి, తెరమీద తెలుగులో 'పాలు పోయండి' అని వచ్చింది. సారు ముఖం మారలేదు. "ఇరవైసార్లు వెయ్యమ్మా, రాస్తా ఉండు" అన్నాడు. పదకొండుసార్లు ఏడు. పన్నెండోసారి మూడు దగ్గర ఆగింది. బోణీ సారు నావైపు చూశాడు. ఆ చూపులో, రాసేది నీ చెయ్యే కదమ్మా అని ఉంది. గడ్డమన్న నేలకేసి చూస్తున్నాడు. నేను మూడు రాశాను. అది కొంచెం వంకరగా పడింది.

గడ్డమన్న కార్డును వేలితో నొక్కి బిగించాడు, అది కాస్త వదులై, దొరికినట్టే దొరికి తప్పిపోతోంది. మిగిలినవన్నీ ఏడే వచ్చాయి. సారు బుక్కు తీసుకుని ఆ వంకర మూడు దగ్గర ఆగాడు. "ఇంతకుముందు వచ్చినోళ్ళంతా అన్నీ ఏడులే రాసిచ్చినారు. మా పల్లెకు పోయినాక గదా మూడు వచ్చేది. ఈ కార్డు కదలకుండా బిగించుకోని రాండి, ఒక ఊర్లో పెట్టి సూద్దాం." అంతే, టీ తాగి వెళ్ళిపోయాడు. బోణీ సారు మాత్రం చివరిదాకా అది నా చేతి మహిమే అన్నాడు.

ఇప్పుడు చిత్తూరు దగ్గర పల్లెలో ఉంటున్నాను, రెండు ఆవులున్నాయి. పాల కేంద్రంలో కరెంటు పోయి వస్తే వరసలో అందరూ గొణుగుతారు, నేను క్యాను కింద పెట్టి తెరకేసి చూస్తాను. ఇప్పటి మిషన్లలో అంకెలు రావు, చుక్కలు వస్తాయి. అయినా పెదవులు వాటంతటవే లెక్కపెడతాయి, నాలుగు దాటేదాకా ఊపిరి వదలను. ఆకలిగా ఉన్న మనిషికి అన్నం బదులు ఐదులు వడ్డించిన ఆ పిల్ల గుర్తొస్తుంది. మంచిదే పాపం, చెయ్యే కాస్త ధారాళం.

ఇంక లేవండి, పొద్దెక్కింది. మీ ఇంట బియ్యం ఎప్పుడూ నిండుకోకూడదు, పొయ్యి మొదటి పుల్లకే అంటుకోవాలి. ఒకవేళ అంటుకోకపోతే, లేదని చెప్పే మనిషి ఒకరు మీ ఇంట్లో చల్లగా ఉండాలి.