గోదావరి పిలుపు

బోధన్ పక్క పల్లెలోని సర్కారు బడిలో మధ్యాహ్న భోజనం వండే ఆమె పేరు గోదావరి. యాభై దాటిన మనిషి. వేలిముద్రే తప్ప సంతకం రాదు. ఆమె ముందు తన బీఈడీ చదువు ఎంత చిన్నదో జ్యోతిరాణి టీచరుకు తెలిసొచ్చింది మూడో తరగతి సింధూజ వల్లనే.

నిరుడు సింధూజ తల్లి సుకన్య ఆపరేషన్ అయి, నెల రోజులు నిజామాబాద్ దవాఖానాలో ఉండి వచ్చింది. తల్లి కోలుకుంది కానీ పిల్ల కోలుకోలేదు. పొద్దున బడి గేటు దాటగానే కడుపునొప్పి. చేతులు చల్లబడేవి, ఊపిరి ఎగపోసేది, తిన్నదంతా కక్కేది. స్కానింగ్ తీస్తే ఏమీ లేదన్నారు. నానమ్మ తాయెత్తు కట్టించింది. నాటకాలాడుతోందని తండ్రి రెండు దెబ్బలు వేశాడు. జ్యోతిరాణి జాలిపడి ఇంటికి పంపేసేది. ఇల్లు చేరగానే నొప్పి మాయమయ్యేది. మర్నాడు రెండింతలై వచ్చేది.

ఒకరోజు అలాగే పంపబోతుంటే గోదావరి గంటె చేతపట్టుకుని వచ్చింది.

"పంపకు టీచరమ్మా. పంపినకొద్ది భయం బలుస్తది" అని, పిల్ల పక్కన చతికిలబడింది. "కడుపు నొస్తుందా బిడ్డా?"

"నొస్తుంది."

"నొస్తది. భయమైతే కడుపుల్నే గుంజుతది. ఏం భయమైతుంది?"

అది అప్పటిదాకా ఎవరూ అడగని ప్రశ్న. "నేను ఇంటికి వొయ్యేసరికి అమ్మ ఉండదేమో" అంది సింధూజ.

గోదావరి నవ్వలేదు. అట్లేం కాదని కొట్టిపారేయనూ లేదు. "గంత పెద్ద భయం ఒక్కదానివే మోస్తున్నవా?" అంది.

ఆ రోజే సుకన్యను పిలిపించింది. "పిల్లకు చెప్పకుండ జారుకోకు. ఎన్ని గంటలకు వస్తనంటవో గా యాళ్లకు గేటు కాడ నిలవడు" అంది. సింధూజను వంటగది వైపు కిటికీ దగ్గర కూర్చోబెట్టించింది. పప్పు కలుపుతూ కలుపుతూ "సింధూజా, ఉన్నవా?" అని కేకేసేది. "ఉన్న అవ్వా!" అనేది పిల్ల. మొదటివారం పది నిమిషాలకోసారి. తర్వాత గంటకోసారి. నెల తిరిగేసరికి అన్నం వేళకు ఒక్కసారే.

అయినా మనసు ఆగక, జ్యోతిరాణి తల్లీబిడ్డలను నిజామాబాద్‌లో పిల్లల మనసు చూసే డాక్టరు సవిత దగ్గరికి తీసుకుపోయింది. అంతా విని డాక్టరు కలం పక్కన పెట్టింది.

"ఇది ఆందోళన. నాటకం కాదు, జబ్బే. నేను చెప్పాల్సింది ఆ వంటామె ముందే మొదలుపెట్టింది. ఎక్కడ చదివిందమ్మా?"

మర్నాడు జ్యోతిరాణి అదే మాట గోదావరిని అడిగింది.

"సదువేడిది టీచరమ్మా! నన్ను గన్న అవ్వ చెరుకు కొట్టవోతే నన్ను గట్టు మీద కూసోవెట్టేది. చెరుకుల జొరవడితే మనిషి కనవడదు. నేను గుక్కవట్టి ఏడ్సేదాన్ని. గందుకని నాలుగు గడలు కొట్టి ఒకపారి నన్ను పిలుస్తుండె. రోజుకింత పిలుపు దూరం జేసింది. ఆఖర్కి పిలువకున్నా అవ్వ ఉన్నదని ఎర్కయ్యింది."

పొద్దంతా కొడవలి పట్టి వంగిన ఒక కూలితల్లి, చెరుకు ఆకులు ఒళ్లంతా కోస్తుంటే, కనబడని బిడ్డ భయాన్ని ఎంత లెక్కగా తగ్గించింది అనుకుంది జ్యోతిరాణి. ఆ తల్లి పేరు కూడా ఏ పుస్తకంలోనూ ఉండదు.

వానాకాలంలో గోదావరి జ్వరంతో రెండు రోజులు రాలేదు. వంటగదిలో వేరే ఆమె ఉంది. అది చూసి సింధూజ ముఖం పాలిపోయింది. బెంచీ అంచు గట్టిగా పట్టుకుంది. 'ఇంటికి పోతావా' అన్న మాట నోటిదాకా వచ్చినా జ్యోతిరాణి మింగేసింది.

"భయమైతుందా?" అని మాత్రం అడిగింది.

"అయితుంది టీచర్" అంది సింధూజ. "గని కూసుంట."

వాచకం తెరిచి చదవడం మొదలుపెట్టింది. మొదట గొంతు వణికింది. పేజీ తిప్పేసరికి కుదురుకుంది. జ్యోతిరాణి సుద్దముక్క పట్టుకుని, ఏమీ రాయకుండా, పాఠం అయిపోయేదాకా నిలబడి విన్నది.