సగం బెరడు

సాయంత్రం నాలుగూ పదికి మా ఆయన ట్రాఫిక్ అనే రైల్వే కాలనీలో ఒకప్పుడు మేమున్న పాత క్వార్టర్ నమూనా ముందు కూర్చుని, గుమ్మం పక్క వేపచెట్టుకు రంగు వేశారు. అసలు చెట్టును ఎప్పుడో కొట్టేశారు. నేను అడిగానని అట్టతో, తీగలతో మళ్ళీ చేస్తున్నారు. వర్క్‌షాపులో బోగీలకు రంగులేసిన చెయ్యి అది. మాను నున్నగా మెరిసింది.

"ఇదేటండీ, చెట్టు సేసినారా, బోగీ సేసినారా?" అన్నాను.

"కుంచె గీత కనబడితే ఫోర్‌మేన్ ఊరుకుంటాడేటే?" అని నవ్వారు. అప్పటికే ఈయన రిటైరై మూడేళ్ళయింది.

మర్నాడు కుంచెను గుడ్డకు తుడిచేసి, మిగిలిన కాస్త బూడిదరంగును మాను మీద పైపైన తాకించారు. కుంచె గీతలను మొదటిసారిగా అలాగే వదిలేశారు. అచ్చం బెరడులాగే వచ్చింది. సగం అయ్యాక ఆసుపత్రికి వెళ్ళారు, తిరిగి రాలేదు.

నమూనా మీద దుమ్ము నేనే తుడుస్తాను. మిగతా సగానికి రంగు ఎవరూ వేయడం లేదు.