హేమ్లి నర్సమ్మ నేర్చుకున్న పని

హేమ్లి నర్సు ట్రైనింగు పూర్తి చేసి, నస్రుల్లాబాద్ దగ్గరి ఒక ఊళ్ళో ఉద్యోగంలో చేరింది 1974లో. అప్పటికి ఆమెకు ఇరవై ఏళ్ళు. వాళ్ళ లంబాడీ తండాలో ఏడో తరగతి దాటిన ఆడపిల్ల ఆమె ఒక్కతే. తల్లి సక్రి, తండ్రి భీమ్లా చెరుకు కొట్టడానికి పోయేవాళ్ళు. బిడ్డ తెల్లచీర కట్టుకుని బస్సెక్కిన రోజు సక్రి రోడ్డు దాకా వచ్చి, చీర కుచ్చిళ్ళు సరిచేసి వెనక్కి తిరిగిపోయింది.

ఊళ్ళో ఒక గది కిరాయికి తీసుకుంది హేమ్లి. సూది వేయడం వచ్చు, కాన్పు చేయడం వచ్చు, పుస్తకంలో ఉన్నదంతా కంఠతా వచ్చు. వచ్చిన నెలలోనే ఒక కాన్పు దగ్గర ఊరి మంత్రసాని లస్మవ్వ కొడవలితో బొడ్డు కోయడం చూసింది. ట్రైనింగులో ధనుర్వాతం వచ్చిన పసికందును కళ్ళారా చూసిన పిల్ల. ఆగలేకపోయింది.

"గిట్ల కోస్తే పిల్లలు సచ్చిపోతరు. ఇగ నుంచి నువ్వు ముట్టొద్దు," అంది, పదిమంది ఆడవాళ్ళ ముందు.

లస్మవ్వకు అరవై ఏళ్ళు దాటాయి. ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని వెళ్ళిపోయింది.

తరువాత నాలుగు నెలలు ఒక్కరు కూడా హేమ్లిని కాన్పుకు పిలవలేదు. సూది వేయడానికి పోతే తలుపులు దగ్గరగా వేసుకునేవాళ్ళు. "తండా పిల్లకేం ఎరుక" అన్న మాట ఆమె చెవిన పడుతూనే ఉండేది.

నెలకోసారి బాన్సువాడ నుంచి పని చూడడానికి వచ్చే పెద్ద నర్సు సువార్తమ్మకు ఖాళీ రిజిస్టరు చూడగానే సంగతి అర్థమైంది. హేమ్లి జరిగిందంతా చెప్పింది, కళ్ళనీళ్ళు పెట్టుకోకుండా.

"నువ్వన్న మాట నిజమే. కానీ సగం ఊరు ఆమె చేతులల్ల పుట్టింది. గంతమంది ముంగట గట్లంటే ఇగ నిన్నెవరు పిలుస్తరు?"

"మరి ఏం చెయ్యాలె సిస్టర్?"

"నాకేం ఎరుక? ఆమెనే అడుగు పో."

మర్నాడు హేమ్లి లస్మవ్వ ఇంటికి పోయింది. అవ్వ వాకిట్లో కూర్చుని చింతపండు కొడుతోంది. రమ్మనలేదు, పొమ్మనలేదు. హేమ్లి ఎదురుగా కూర్చుని తనూ ఒక రాయి అందుకుంది. అలా మూడు రోజులు వరసగా పోయింది. మూడో రోజు లస్మవ్వకు ఓపిక నశించింది.

"నీకు చింతపండు కొట్టొస్తలేదు బిడ్డా. గింజ పలిగిపోతున్నది."

"తప్పయింది అవ్వ."

"ఏంది? చింతపండా, కొడవలి మాటనా?"

"కొడవలి మాట గాదు. అది నేను ఇప్పుడు గూడ అంట. పదిమంది ముంగట అన్నది తప్పు."

లస్మవ్వ చేతిలోని రాయి పక్కన పెట్టింది. "నేను కొడవలిని మంట మీద కాలుస్త. కాల్చకుంట ఎన్నడు ముట్టలే. మా అవ్వ చెప్పింది."

హేమ్లికి ఆ సంగతి తెలియదు. ఆ రోజు అడగనూ లేదు. "నువ్వు ఎందుకు కాలుస్తవో, నేను బ్లేడు గందుకే మరగబెడుత అవ్వ," అంది మెల్లగా.

అప్పటి నుంచి ఇద్దరూ కలిసి పోయేవాళ్ళు. లస్మవ్వ నడుము నిమిరితే నొప్పులు పడే మనిషి ఊపిరి కుదుటపడేది. ఆ చేయి ఎక్కడ పెడుతుందో, ఎప్పుడు తీస్తుందో హేమ్లి చూసి నేర్చుకుంది. అవ్వ బ్లేడుకు అలవాటుపడింది గానీ డెట్టాల్ వాసనకు మాత్రం ముక్కు మూసుకునేది.

1977 వానాకాలంలో ఒక పొద్దున ఊళ్ళో సమ్మవ్వ అనే ఆమె కోడలికి నొప్పులు మొదలయ్యాయి. హేమ్లి పొట్ట మీద చేయి వేసి చూసి, వాకిట్లో ఉన్నవాళ్ళందరికీ వినపడేలా చెప్పింది: "తల కిందికే ఉన్నది. పగటీలి బువ్వ యాలకు అయిపోతది, ఫికర్ జెయ్యకుండ్రి."

లస్మవ్వ కూడా చేయి వేసింది. రెండు వైపులా మెల్లగా నొక్కి చూసింది. తరువాత హేమ్లి చెవి దగ్గరికి వంగి, "మల్లొక్కసారి చూడు బిడ్డా," అంది. అంతే.

హేమ్లి మళ్ళీ చూసింది. బిడ్డ అడ్డంగా ఉంది. తను తల అనుకున్నది తల కాదు. లస్మవ్వ వైపు చూస్తే, ఆమె గోడ వైపు చూస్తోంది. బయటికి ఏం చెప్పాలో హేమ్లి ఇష్టానికే వదిలేసింది.

హేమ్లి గడపలోకి వచ్చింది. "నేను ముందుగాల తప్పు జెప్పిన. పిల్ల అడ్డంగ ఉన్నది. లస్మవ్వ చెయ్యికి తెలిసింది. బాన్సువాడ దవాఖానకు పోవాలె, ఇప్పుడే."

"తెల్వనిదానివి ఎందుకొచ్చినవ్ మరి?" అని సమ్మవ్వ మీదికొచ్చింది.

హేమ్లి వాకిట్లో ఉన్న ట్రాక్టరు యజమాని బుచ్చన్న వైపు తిరిగింది. "బుచ్చన్నా, ట్రాక్టర్ తియ్యి. ట్రాలీల గడ్డి మందంగ పరవుండ్రి. సమ్మవ్వా, రెండు బొంతలు తే. అవ్వ తలకాడ కూసుంటది." గొంతు పెంచలేదు. అయినా అందరూ కదిలారు.

దారంతా గుంతలు. లస్మవ్వ ఆ కోడలి తలను ఒడిలో పెట్టుకుని, తండ్రి పేరు, తాత పేరు, చిన్నప్పుడు మేపిన మేకల పేర్లు అడుగుతూ మాట్లాడించింది. దవాఖానలో డాక్టరమ్మ ఆపరేషన్ చేసింది. ఆడపిల్ల. తల్లీ బిడ్డా దక్కారు.

తిరిగి వచ్చేటప్పుడు ట్రాలీలో ఇద్దరే ఉన్నారు. వాన వెలిసింది. లస్మవ్వ పొలాలకేసి చూస్తూ అంది, "తప్పు జెప్పిన అన్నవు సూడు, అందరి ముంగట. నలభై ఏండ్లల నేను ఒక్కసారన్న గామాట అనలే. అనాల్సినయి మూడున్నయి."

ఆ మూడూ చెప్పింది. ఏ ఇల్లో, ఏ ఏడో, ఏం జరిగిందో. హేమ్లి ఆమె చేయి పట్టుకుని కూర్చుంది. ఆ మూడిళ్ళ సంగతి జీవితంలో ఎవరికీ చెప్పలేదు.

రెండేళ్ళకు బాన్సువాడలో మంత్రసానులకు ట్రైనింగు పెట్టి, పాఠం చెప్పమని హేమ్లిని పంపారు. పదమూడు మంది ముసలమ్మలు, ఒక్కరూ నోరు విప్పరు. హేమ్లి పుస్తకం పక్కన పెట్టి, తను తల అనుకుని పొరపడిన రోజు గురించి చెప్పింది. మూల నుంచి ఒకామె, "నాకు గూడ ఒకసారి గట్లనే అయింది," అంది. ఆ తరువాత ఇంకొకామె. భోజనాల వేళ దాటిపోయినా ఎవరూ లేవలేదు.

1984లో ఆమెకు సువార్తమ్మ చేసినలాంటి పెద్ద నర్సు ఉద్యోగమే వచ్చింది, మరాఠీ ఊళ్ళ సరిహద్దులో ఉన్న డోంగ్లి వైపు. కింద తొమ్మిదిమంది నర్సులు. ఆర్డరు చేతికొచ్చిన రోజు హేమ్లి లస్మవ్వ దగ్గరికి పోయి, "తొమ్మిదిమందికి పెద్దగ ఉండుడు నాతోని అయితదా అవ్వ?" అని అడిగింది.

చూపు మందగించిన లస్మవ్వ ఆమె ముఖం తడిమింది. "నాకేం ఎరుక బిడ్డా, నేను ఎవ్వలకు పెద్దగ ఉండలే. పోయి చూడు. గాకుంటే రా, ఇద్దరం ఆలోచన చేద్దం."

డోంగ్లిలో మొదటి వారం ధర్మి అనే కొత్త నర్సు, సూదులు సరిగా మరగబెట్టకుండా జనం ముందే సూది వేయబోయింది. హేమ్లి ఆమె భుజం మీద చేయి వేసి, "నీళ్ళు మరగనియ్యి బిడ్డా, నేను గూడ కూసుంట," అని పక్కనే బల్ల మీద కూర్చుంది. మిగతా మాటలు గది ఖాళీ అయ్యాక చెప్పింది.

ఆ ఊరి మంత్రసాని మరాఠీ తప్ప మాట్లాడదు. హేమ్లికి ఇంట్లో లంబాడీ, ఊళ్ళో తెలుగు, దవాఖానలో కాస్త ఉర్దూ. మరాఠీ మాత్రం రాదు. ఆ సాయంత్రం హేమ్లి ఆ మంత్రసాని ఇంటికి పోయి, గడప దగ్గర కూర్చుని, నీళ్ళ చెంబు చూపించి దాన్ని మరాఠీలో ఏమంటారని సైగ చేసింది.