ఇల్లాలి చోటు

ఉలిగమ్మ చివరగా చేసిన పని, ఎదురింటి బాలింతకు నీళ్లు కాచి పెట్టడం. కాగు దించి, చెంగుతో మొహం తుడుచుకుని గోడకు చేరగిలబడింది. మళ్లీ లేవలేదు. 1969లో, ధర్మవరంలో. వయసు ముప్పై దాటి ఎంతో కాలేదు. ఆ పూట మగ్గాల వీధిలో ఒక్క మగ్గమూ ఆడలేదు. ఏ పెద్దమనిషి పోయినా అలా ఆగింది లేదని చెల్లెలు గంగాదేవి తలెత్తి చెబుతుంది.

వాళ్లమ్మ ఓబులమ్మకు పక్షవాతమొచ్చి కుడిపక్క పడిపోయేనాటికి ఉలిగమ్మ ఇంకా పావడా కట్టే పిల్ల. బడి మానేసింది. అమ్మకు నీళ్లు పోయడం, ముద్ద తినిపించడం, చెల్లెలికి జడ వేయడం, నాయన మగ్గానికి దారం కండెలు చుట్టివ్వడం అన్నీ ఆ చేతుల మీదే. ఇంటి పిల్ల గదా, చేస్తుందిలే అనుకున్నారు అందరూ.

ఒకరోజు పెనుకొండ నుంచి మేనత్త మునెమ్మ వచ్చింది.

"ఏమిరా ఆంజనప్పా, మంచం పట్టినదాన్ని రొద్దంలో వాళ్ల పుట్టింటికి పంపించు. నీకింకో సంబంధం చూస్తా. ఇల్లాలు లేని ఇంట్లో మగ్గం ఎట్ల ఆడుతుంది?"

నాయన ఆంజనప్ప తల వంచుకుని మగ్గం ఆడిస్తూనే ఉన్నాడు. తలుపు చాటునుంచి ఉలిగమ్మ అంతా విన్నది.

మర్నాడు చీర కోత. ఆ ఇంట్లో నేత పూర్తయితే, ఇల్లాలు చీరకు పసుపు కుంకుమ పెట్టి, మగ్గం ముందు ఒడి పట్టి కూర్చోవాలి. కోసిన చీర మొదట ఆమె ఒళ్లోనే పడాలి. మునెమ్మ తానే పసుపుగిన్నె అందుకుని కూర్చోబోయింది.

"అక్కా, ఆడ కూర్చోవద్దు," అన్నాడు ఆంజనప్ప. "ఈ ఇంటిని నిలబెట్టింది నా కూతురు. ఉలిగీ, రామ్మా."

"పావడా పిల్లకు పెద్దరికమా! రేపు మీసాలు గూడా వస్తాయేమో చూడు," అని మూతి తిప్పింది మునెమ్మ.

"అమ్మ ఉండంగా నేనెట్ల కూర్చుంటా నాయనా?" అంటూ ఉలిగమ్మ లోపలికి పోయింది. అమ్మను రెండు చేతులా ఎత్తుకొచ్చి మగ్గం ముందు దించి, వెనకనుంచి తన రొమ్ముకు ఆనించుకుని కూర్చుంది. ఓబులమ్మ ఎడమచేత్తో చీరకు బొట్టు పెట్టింది. ఎర్రచీర జారి తల్లీకూతుళ్లిద్దరి ఒళ్లో పడింది.

"ఇల్లాలు ఈడనే ఉండాది గదక్కా," అన్నాడు ఆంజనప్ప.

మునెమ్మ మధ్యాహ్నం బండికే పెనుకొండ పోయింది. రొద్దం మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. బతికినన్నాళ్లూ ప్రతి కోతకూ ఓబులమ్మ అక్కడే కూర్చుంది, వెనక కూతురుతో.

అమ్మను అలా ఎత్తుకురావడం అక్కకు అప్పటికప్పుడు తోచిందనే గంగాదేవి అనుకుంటూ వచ్చింది. ఉలిగమ్మ దినాలప్పుడు పక్కింటి ముసలామె అక్కమ్మ నవ్వుతూ, కళ్లు తుడుచుకుంటూ చెప్పింది:

"ఆ కోతకు ముందురోజు సందెకాడ మా ఇంటికొచ్చి, 'నువ్వూ మా అమ్మంత బరువుంటావు గదవ్వా' అని నన్నెత్తుకుని వాకిలి దాకా మోసింది. దోవలో కింద పడేసింది గూడా. నేను నడుం పట్టుకుని తిడతాంటే, 'రేపు పడేయనులే అవ్వా' అనింది."